నులక తాడు

టేపు లేక కాదు.
టేపు అంకెలు చెప్తది, ఇద్దమ్మ అంకెలను నమ్మదు.
పొద్దుగాలనే నులక తాడు పట్టుకొని
చిన్న ట్రాక్టరు చుట్టూ తిరిగింది,
దిష్టి తీసినట్టు.
ముందటి బంపరు నుంచి రోటవేటరు తోక దాకా ఒక ముడి.
టైరు అంచు నుంచి టైరు అంచుకు ఒక ముడి.
మూడోది ఎప్పుడేసిందో నేను చూడలే.

రెండేండ్లాయె ఈ బండి కొని.
పెద్ద ట్రాక్టరు దూరని బత్తాయి సాళ్లల్ల
కొమ్మకు తగలకుండ, కాయ రాలకుండ
దున్ని వచ్చుడే మా బతుకు.
గుర్రంపోడుల ఒక తోట, పెద్దవూర కాడ ఒక తోట,
కనగల్ దిక్కు రెండెకరాలు.
నడుమ తారురోడ్డు.
మన్ను తినాల్సిన టైరు గుబ్బలను అది తినేసింది.
లారీలు హారను కొట్టి తిట్టిపోతయి.
మధ్యాహ్నానికి చేరితే తోటాయన మొకం
పండని కాయలెక్క పుల్లగ ఉంటది.

కొండమల్లేపల్లిల మొయిన్ భాయ్ షెడ్డు.
వెల్డింగు అద్దం నెత్తి మీదికి ఎత్తి మొదలువెట్టిండు:
ఒక ఇరుసా, రెండిరుసులా?
ఒకటైతే మలుపుల మాట వింటది,
టైరు పగిలితే నడిరోడ్డు మీద సాష్టాంగమే.
రెండైతే నిలకడ, ఖర్చు కూడ నిలకడగనే ఉంటది.
కమాను పట్టీలు ఐదా, ఏడా?
అడుగున రేకా, చెక్కా?
లాగే బండి ఏది?
"తమ్ముని పాత బొలేరో" అన్న. మిగిలినవి నువ్వే చెప్పు భాయ్.
నాకు తెలిసింది ఒక్కటే,
బరువు ముందుకు మొగ్గాలె, ఇసుమంత.
ఎడ్లబండి మీద వడ్ల బస్తాలెత్తిన చేతులకు
అది ఎవరూ చెప్పక్కరలే.
వెనక బరువైతే నొగ లేస్తది.
నొగ లేస్తే బండి నీది కాదు.
భాయ్ నవ్విండు, "గదే సగం ఇంజనీరింగు."

మూలకున్న పాతది చూపెట్టిండు.
సగం ధర. ఇరుసు గట్టిది, తుప్పు అంచులకే.
వెనక డోరు మీద పసుపు రంగుల
'చింతల ముత్తిలింగం బత్తాయి తోట',
ఆ అంచున ఒక పండు, ఈ అంచున ఒక పండు,
పెయింటరు చేతిల రెండూ బంతులైనయి.
"తోటనే లేదిప్పుడు," అన్నడు భాయ్.
తొమ్మిది బోర్లు ఎండినంక
చెట్లు కోయించి
ఈ ట్రాలీ మీదనే ఇటుక బట్టీకి పంపిండట.
బండి కొన్న ఏడు నాకు తొలి బోణీ ఆ తోటే.
వంగి చూస్తే
పలకల సందుల ఇంకా బెరడు పొట్టు.
గోటితోని గీకి వాసన చూసిన.
ఏ వాసనా లేదు.
ఉంటదనుకున్న.

తాడు పరిచి కొలిచినం.
పొడువుకు జానెడు మిగిలింది. వెడల్పు సరిపోయింది.
"మరి ఈ మూడో ముడి?"
పెండ్లిల నేనేసిన మూడు యాదికున్నయి గాని
ఈమె ఏసినదానికి అర్థం తెల్వదు.
ఫోను చేసిన.
అవతల బర్రె అరుపు, బిందె చప్పుడు.
"అది నా నడుము ఎత్తు," అన్నది.
"నువ్వు ట్రాక్టరు మీద కూసుంటవు.
డోరు దించేది ఎవరు, ఎత్తేది ఎవరు?
నడుము దాటి బరువెత్తుడు నాతోని కాదు.
పోరడు పుట్టిన కుట్లు మర్చిపోయినవా?"

రెండేండ్ల సంది
తోట గేట్లు తీసింది, ముండ్లకంప జరిపింది,
కొమ్మలను పైకెత్తి పట్టింది ఎవరో
అప్పుడు లెక్కకొచ్చింది.

డోరు ఎత్తి చూసిన. ఇద్దరు మొగోళ్ల బరువు.
భాయ్ గడ్డం గోక్కున్నడు.
"నిలువుగ రెండు ముక్కలు చేద్దాం. ఇరుపక్కల స్ప్రింగులు.
ఒంటిచేత్తో లేస్తది. మూడు వేలు ఎక్కువైతది."
బేరమాడలే.

కోస్తే ముత్తిలింగం ఒక ముక్క మీద,
తోట ఇంకో ముక్క మీద.
"పేరు చెరిపి ఏం రాయాలె?"
"పండ్లు ఉంచు. మిగతాది ఆమెనడిగి చెప్త."

తాడు మేకుకు తగిలియ్యబోతే ఆపిన,
మంచానిది భాయ్, రాత్రికి కావాలె.
సుద్దముక్క తీసి గోడ మీద రాసుకున్నడు:
పొడువు, వెడల్పు.
మూడోదానికి ఏం పేరు రాయాల్నో తోచక
నేల నుంచి తాడు నిలబెట్టి
ఆ ఎత్తున ఉత్త గీత గీసిండు.